కౌంటర్ మూసేశాక కూడా నిలబడతామా? కుచేలుడు, కరువు కాలువ, నా మొక్కు

ఈ వారం వీడియోలో కుచేలోపాఖ్యానం చెప్పుకున్నాం కదా. అటుకుల మూట దగ్గరే టైమ్ అయిపోయింది. అప్పుడు చెప్పలేకపోయిన విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నాను. ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే ఊరికే నీతులు చెప్తున్నట్టు ఉంటుంది.

రెండేళ్ల క్రితం హెచ్1బీ లాటరీకి ఆఫీసువాళ్లు నా పేరు పంపారు. పేరు వస్తే తిరుమలకి నడిచి వస్తానని, తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. రోజూ పొద్దున లాగిన్ అయ్యేముందు విష్ణు సహస్రనామం చదివాను. నలభై రోజుల్లో ఒక్కరోజు కూడా తప్పలేదు.

పేరు రాలేదు. మర్నాటి నుంచి సహస్రనామం ఆగిపోయింది. దేవుడి మీద కోపం కూడా రాలేదు. ఓటీటీ ప్లాన్ అయిపోతే మళ్లీ కట్టకుండా వదిలేస్తాం చూడండి, అలా వదిలేశాను. ఆ ఖాళీలోకి షాపింగ్ వచ్చింది. కొత్త ఫోన్, వాచ్, జీతం పడగానే కోసుకుపోయే మూడు ఈఎంఐలు. డెలివరీ అబ్బాయి బెల్ కొట్టగానే వచ్చే సంతోషం డబ్బా విప్పేదాకా ఉండేది, అంతే.

కృష్ణపట్నం దారిలో

మాది నెల్లూరు. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు, ఇంజనీరింగ్‌లో నాతో చదివిన ఫ్రెండ్‌తో బండి మీద కృష్ణపట్నం వెళ్లాను. వాడిది బాప్టిస్టు క్రైస్తవ కుటుంబం. ముత్తుకూరు దాటాక రోడ్డు నిండా లారీలే. థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు, వంటనూనె ఫ్యాక్టరీలు దూరం నుంచే కనిపిస్తాయి. 2008లో మొదలైన ఈ పోర్టులో ఓడల నుంచి బొగ్గు దిగుతుంది, పామాయిల్ దిగుతుంది. మన ఇంట్లో కరెంటు, మన మూకుడులో నూనె ఇలాంటి చోట్ల నుంచే వస్తాయి. మనం వేలితో నొక్కే ఒక్క ఆర్డర్ వెనక ఎంత బరువు మోయాలో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

అక్కడే వాడికి నా మొక్కు సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మా దగ్గరా అంతే రా. ఆదివారం సాక్ష్యాలు వినాలి నువ్వు. కారు కొన్నాం, ప్లాట్ రిజిస్ట్రేషన్ అయింది, పిల్లాడికి వీసా వచ్చింది. మీరు మొక్కు అంటారు, మేం ప్రార్థన మనవి అంటాం. పోయినేడు నా ఉద్యోగం పోయింది కదా, ఏడు నెలలు నా దగ్గర చెప్పుకోడానికి సాక్ష్యమే లేదు. వెనక బెంచీలో కూర్చుని వచ్చేవాణ్ణి."

"మరి మానెయ్యలేదా?"

"మానేద్దామనే అనుకున్నా. మా నాయనమ్మ చెప్పిన కాలువ కథ గుర్తొచ్చింది" అని బకింగ్‌హామ్ కాలువ వైపు చూపించాడు. కృష్ణపట్నం మీదుగానే వెళ్తుంది అది. ఒకప్పుడు మద్రాసుకి సరుకుల పడవలు నడిచిన కాలువ, ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది.

కరువు కాలువ

ఇంటికొచ్చాక ఆ కథ చదివాను. నిజంగా జరిగిందే.

1876–78లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరమైన కరువు వచ్చింది. మన పెద్దవాళ్లు ధాత కరువు అనేవాళ్లు. లక్షల మంది చనిపోయారు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అక్కడ జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ పనిచేసేవాడు. ఈ దేశానికి రాకముందే సర్వే పని తెలిసినవాడు. కరువు పనుల కింద ఇదే కాలువకి పైన ఒంగోలు వైపు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి పని ఇచ్చి కూలి ఇప్పించాడు. ఆ మిషన్‌ని నమ్ముకున్నవాళ్లలో ఎక్కువమంది మాదిగలు.

చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం, కూలి కోసం వస్తున్నారేమో అని ఆయన అనుమానం. ఏడాదికి పైగా అందరినీ ఆగమన్నాడు. 1878లో కరువు పనులు ఆగిపోయాయి. ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పినా జనం కదల్లేదు. మేం డబ్బు కోసం రాలేదన్నారు. ఆ ఏడాది జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇది మన ఛానల్లో ఎందుకు అని కొందరికి అనిపించొచ్చు. మతం మారడం మంచిదా చెడ్డదా అనే చర్చలోకి నేను వెళ్లట్లేదు. పైగా ఆ రోజుల్లో వాళ్లని మన గుడి గడప తొక్కనివ్వలేదు. ఆ మాట దాటేసి ఈ కథ చెప్పడం న్యాయం కాదు. ఆకలి రోజుల్లో ఆదుకున్నారన్న కృతజ్ఞత, మనిషిగా చూశారన్న గౌరవం, దేవుడి మీద నమ్మకం, ఎవరి మనసులో ఏది ఎంత ఉందో మనం కొలవలేం. నన్ను పట్టుకున్నది మాత్రం ఒక్కటే. కౌంటర్ మూసేశాక కూడా వాళ్లు నిలబడ్డారు. నేను నలభై ఒకటో రోజే లేచి వెళ్లిపోయాను.

అడగడం తప్పా?

కాదు. గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు తనను కొలిచేవాళ్లని నాలుగు రకాలుగా చెప్తాడు. కష్టంలో ఉన్న ఆర్తుడు, తెలుసుకోవాలనుకునే జిజ్ఞాసువు, ఏదో కావాలని వచ్చే అర్థార్థి, జ్ఞాని. వీళ్లలో జ్ఞాని తనకి అందరికన్నా దగ్గరివాడని అంటాడు. కానీ అడిగేవాళ్లని చీదరించుకోడు, నలుగురూ మంచివాళ్లే అంటాడు.

అయితే ఆకలి వేరు, ఆబ వేరు. కరువులో గంజి అడిగినవాడు ఆర్తుడు. ఉద్యోగం పోయి ఇంటి అద్దె కోసం దణ్ణం పెట్టుకున్నవాడూ ఆర్తుడే. మూడు ఈఎంఐలు నడుస్తుండగా నాలుగోది కోరుకునే నేను కూడా ఆర్తుణ్ణే అనుకుంటే, అది నన్ను నేను మోసం చేసుకోవడం. ఆకలికి ఇక చాలు అనే చోటు ఒకటి ఉంటుంది. ఆబకి ఉండదు.

కుచేలుడి తిరుగు దారి

ఇక వీడియోలో మిగిలిపోయిన భాగం. కుచేలుడు నిజమైన ఆర్తుడు. ఇంట్లో పిల్లలు పస్తులు. భార్య పంపిస్తేనే ద్వారకకి వెళ్లాడు. తీరా స్నేహితుణ్ణి చూశాక ఏమీ అడగలేదు. మనకి ఈ కథలో గుర్తుండేది చివర్లో కనిపించే మేడ. మేడకి ముందు భాగవతంలో ఒక నడక ఉంది. ఇంటి దగ్గర ఏం జరిగిందో ఆయనకి తెలియదు. చేతులు ఖాళీ. ఆ దారిలో ఆయన ఏమనుకున్నాడు? డబ్బు చేరితే మైకంలో తనను మర్చిపోతానని, దయతోనే కృష్ణుడు ఇవ్వలేదేమో అనుకున్నాడు. ఆయన కౌగిలించుకోవడం, పక్కన కూర్చోబెట్టుకోవడం తలుచుకుంటూ నడిచాడు.

నా దృష్టిలో కథ అక్కడే పూర్తయింది. మేడ బదులు పాత గుడిసే కనిపించి ఉన్నా, కుచేలుడు కుచేలుడిగానే ఉండేవాడు. వెనక బెంచీలో ఏడు నెలలు కూర్చున్న నా ఫ్రెండ్ ఆ దారిలోనే నడిచాడు. నాకు ఆ దారి దొరికినప్పుడు నేను ఫోన్ తీసి షాపింగ్ యాప్ తెరిచాను.

ఇప్పుడు మళ్లీ సహస్రనామం మొదలుపెట్టాను. ఈసారి మొక్కు లేదు. నిజం చెప్తున్నాను, మొదటి వారం బోర్ కొట్టింది. ఏమీ అడగకపోతే ఎందుకు చదవాలో కూడా అర్థం కాలేదు. మెల్లగా ఒక్కో నామం వినిపించడం మొదలైంది. ఇదివరకు వేగంగా చదివేసి లెక్క పూర్తి చేసుకునేవాణ్ణి. వచ్చే మార్చిలో లాటరీకి నా పేరు మళ్లీ వెళ్తుంది. ఏప్రిల్‌లో కూడా చదువుతుంటానా లేదా అన్నదే నాకు అసలు పరీక్ష.

ఈ వారం సాధన

1. ఒక రోజు గుడికి వెళ్లి ఏమీ అడగకుండా పది నిమిషాలు కూర్చోండి. కోరికలు వస్తాయి, రానివ్వండి. వాటిని మొక్కుగా మార్చకండి.

2. కొనాలనుకున్న వస్తువుని మూడు రోజులు కార్ట్‌లోనే ఉంచండి. నాలుగో రోజు ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది ఆకలా, ఆబా?

3. ఆకలితో ఉన్న ఒకరికి కడుపునిండా పెట్టండి. ఫోటో తీయొద్దు, స్టేటస్ పెట్టొద్దు. వాళ్లు ఏ దేవుడికి దణ్ణం పెడతారో అడగొద్దు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.