బాటపై నడచువాని హక్కు – నగరముల తొలి నియమములు నేర్పు పాఠము

ఊరి నడుమనుండి పెద్దరోడ్డు పోవుచున్న గ్రామములు తెలుగునాట అనేకము కలవు. ఇండ్లు ఒక వైపున, బడియో, చెఱువో, పొలములో మఱియొక వైపున ఉండును. పుస్తకముల సంచితో బిడ్డయు, పాలకేంద్రమునకు పోవు ఇల్లాలును, మేతమోపుతో వచ్చు రైతును ఆ రోడ్డును దాటక తప్పదు. అదే రోడ్డుపై లారీలు, బస్సులు, కార్లు వేగముగా పోవుచుండును. ఈ చిక్కు మనకు క్రొత్తగా తోచవచ్చును. కాని మహానగరములు దీనిని నూరేండ్లకు ముందే ఎదుర్కొన్నవి. అవి చేసిన నియమములను, పడిన పొరపాట్లను పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మేలని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ఎడమ ప్రక్క నియమము

పూర్వము లండను వంతెనపై బండ్లు క్రిక్కిరిసి, కదలక నిలిచిపోవుచుండెను. 1722లో ఆ నగరపు మేయరు ఒక ఉత్తర్వు చేసెను. నగరములోనికి వచ్చు బండ్లు వంతెనకు పడమటి ప్రక్కను, బయటికి పోవు బండ్లు తూర్పు ప్రక్కను పోవలెనని దాని సారాంశము. నగరము నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్నందున, ఇరుదిక్కుల వారును తమ తమ ఎడమ ప్రక్కనే పోవుట జరిగెను. ఈ ఉత్తర్వును అమలు జరుపుటకు మనుష్యులను కూడ నియమించిరి. తరువాత 1835 నాటి రహదారుల చట్టము ఎడమ నియమమును ఇంగ్లండు అంతటికిని వర్తింపజేసినది. కాలిబాటపై బండి తోలుటను, పశువులను నడుపుటను నేరముగా ఎంచినది కూడ ఆ చట్టమే. మన దేశమున వాహనములు ఎడమ ప్రక్కన పోవుట ఆ సంప్రదాయమునుండి వచ్చినదే.

ఎఱ్ఱ జెండా, గ్యాసు దీపము

ఆవిరి యంత్రపు బండ్లు రోడ్డెక్కిన పిమ్మట బ్రిటిషు పార్లమెంటు 1865లో ఇంకొక చట్టము చేసెను. అట్టి బండి పట్టణములలో గంటకు 2 మైళ్లకు, వెలుపల 4 మైళ్లకు మించి పోరాదు. బండికి 60 గజముల ముందుగా ఒక మనిషి ఎఱ్ఱ జెండా పట్టుకొని నడువవలెను. ఇది నేడు మనకు నవ్వు పుట్టించును. అయినను ఇందు ఒక న్యాయము కలదు. అపాయమును తెచ్చు యంత్రమే ముందుగా హెచ్చరిక చేయవలెను గాని, ఎదుటివాడు ఊహించుకొని తప్పుకొనవలెనని ఆ చట్టము చెప్పలేదు. 1896లో ఈ నిర్బంధము తొలగిపోయి, వేగపు హద్దు 14 మైళ్లకు పెరిగెను.

1868 డిసెంబరులో లండనులో పార్లమెంటు భవనముల చెంత మొదటి రాకపోకల సంకేత స్తంభమును నిలిపిరి. దీనిని రూపొందించినవాడు జాన్ పీక్ నైట్ అను రైల్వే ఇంజనీరు. పగటివేళ రైలు స్టేషనులందువలె చేతులవంటి పలకలును, రాత్రివేళ ఎఱుపు, ఆకుపచ్చ గ్యాసు దీపములును దీనికి ఉండెను. ఒక పోలీసువాడు దగ్గర నిలిచి దానిని నడుపుచుండెను. మరుసటి నెలలోనే గ్యాసు ప్రేలి ఆ పోలీసువాడు గాయపడుటచే ఆ ప్రయత్నము ఆగిపోయెను. విద్యుద్దీపముల సంకేతము అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున 1914లో వచ్చెను. 

న్యూయార్కు నియమావళి

వీథినంతటిని ఒక క్రమమున పెట్టుటకు పాటుపడినవారిలో విలియం ఫెల్ప్స్ ఈనో ముఖ్యుడు. కొద్దిపాటి గుఱ్ఱపు బండ్లే అయినను, ఎవరు ముందు పోవలెనో తెలియక వీథి మూసికొనిపోవుటను ఆయన బాల్యమునందే చూచెను. ఆయన వ్రాసిన నియమములను న్యూయార్కు పోలీసుశాఖ 1903లో స్వీకరించి, అచ్చొత్తించి తోలువారికి పంచిపెట్టినది. అచ్చట రాకపోకలు కుడి ప్రక్కన సాగును. కనుక మెల్లగా పోవు బండి కుడి అంచున పోవలెను. ముందరి బండిని దాటువాడు ఎడమనుండి దాటవలెను. ఆగునపుడును, మలుపు తిరుగునపుడును చేతిని గాని కొరడాను గాని ఎత్తి వెనుకవారికి తెలుపవలెను. అగ్నిమాపకుల బండ్లకును, రోగుల బండ్లకును దారి ఇయ్యవలెను.

ఇవి ఎంత సులభములో సభ్యులు గమనింతురు గాక. ఇందు ఖర్చు లేదు, యంత్రము లేదు. అందఱికిని ఒకటే నియమము తెలిసియుండుటయే దీని బలము.

పల్లెటూరివానిపై పడిన నింద

ఇంతవరకు నియమములు ముఖ్యముగా బండి తోలువానికి ఏర్పడినవి. మోటార్లు పెరిగిన పిమ్మట అమెరికా నగరములలో వీథులలో చనిపోవువారి సంఖ్య పెరిగెను. వారిలో పిల్లలు చాలమంది. అపుడు తప్పు ఎవరిదను వాదము పుట్టెను. మోటారు వారి పక్షమువారు నడచువానినే తప్పుపట్టిరి. ఎచ్చటబడితే అచ్చట దాటువానిని 'జేవాకర్' అని ఎగతాళి చేసిరి. 'జే' అనగా ఆ కాలపు నగరవాసుల వాడుకలో తెలివిలేని పల్లెటూరివాడు. నగరమున నడచుట తెలియని మొద్దు అని దాని భావము. 1925లో లాస్ ఏంజిలస్ నగరము నడచువారిని కట్టడి చేయు నియమములను అమలుపఱచెను. ఇతర నగరములును ఆ దారినే పట్టినవి. అంతకుముందు అందఱిదిగా ఉన్న వీథి కొన్ని యేండ్లలోనే మోటారుదైపోయెను.

గుర్తించిన చోట దాటుట మంచి నియమమే. కాని దాటుటకు చోటు చూపకుండ నడచువానిని నిందించుట న్యాయము కాదు.

బ్రిటను సరిదిద్దుకొన్న విధము

బ్రిటనులో 1930లో కార్లకు వేగపు హద్దును తీసివేసిరి. 1931లో రహదారి నియమముల చిన్న పుస్తకమును ఒక పెన్నీకి అమ్మిరి. నియమములు ఇంటింటికి చేరినను ప్రాణనష్టము తగ్గలేదు. 1934లో 7,343 మంది మరణించిరి. వారిలో సగముమంది నడచిపోవువారే. అపుడు ప్రభుత్వము మూడు పనులు చేసెను. జనావాసములలో గంటకు 30 మైళ్ల హద్దు విధించెను. డ్రైవరులకు పరీక్షను తప్పనిసరి చేసెను. నడచువారు దాటు చోట్లను గుర్తించి, నలుపు తెలుపు స్తంభములపై నారింజవన్నె గోళములు నిలిపెను. ఆ చోట్ల రోడ్డుపై నలుపు తెలుపు చారలు 1951లో వచ్చినవి.

ఉపదేశము ఒక్కటే చాలదు. వేగమునకు హద్దు, దాటుటకు చోటు, రెండును కావలెను. ఇదియే ఈ చరిత్ర నేర్పు పాఠము.

మన చట్టము, మన పని

మన దేశమున 1914లోను, 1939లోను మోటారు వాహనముల చట్టములు వచ్చినవి. నేడు అమలునందున్నది 1988 నాటి చట్టము. 2017 నాటి డ్రైవింగు నియమముల ప్రకారము, సిగ్నలు లేని దాటుచోట డ్రైవరు వేగము తగ్గించి, అవసరమైనచో ఆగి, నడచువానికి దారి ఇయ్యవలెను. అయినను 2022లో మన దేశపు రోడ్లపై మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది నడచిపోవువారు. అనగా దాదాపు ఐదుగురిలో ఒకరు. వీరందఱును అజాగ్రత్తపరులని చెప్పగలమా?

కనుక సభ్యులు తమ గ్రామమున ఈ క్రింది విషయములను విచారింపవలెను.

1. బడిపిల్లలు, వృద్ధులు రోడ్డును ఏ చోట దాటుచున్నారో ఒక రోజు ఉదయమును, సాయంకాలమును నిలిచి చూడవలెను. జనులు దాటు చోటనే గుర్తులు ఉండవలెను.

2. ఆ చోట వీథిదీపము వెలుగుచున్నదా? మలుపులో చూపునకు అడ్డుగా పొదలు గాని, గడ్డివాములు గాని ఉన్నవా? ఇవి పంచాయతీ తానే చక్కబెట్టగల పనులు.

3. రోడ్డు అంచున నడచు స్థలమును అంగళ్లు, నిలిపిన ట్రాక్టర్లు ఆక్రమించినచో, నడచువాడు రోడ్డు మీదికే పోవలసివచ్చును. ఆ స్థలమును ఖాళీ చేయింపవలెను.

4. పెద్దరోడ్డుపై హెచ్చరిక పలకలు, చారలు వేయు అధికారము పంచాయతీకి లేదు. కాని తీర్మానము చేసి, రోడ్డు ఏ శాఖదో ఆ శాఖకును, జిల్లా రహదారి భద్రతా సంఘమునకును పంపవచ్చును. జరిగిన ప్రమాదముల తేదీలను, స్థలములను తీర్మానముతో జతపఱచినచో దానికి బలము కలుగును.

5. కాలిబాట లేని చోట ఎదురుగా వచ్చు వాహనము కంటబడునట్లు రోడ్డు కుడి అంచున నడచుట మేలని బడిలోను, గ్రామసభలోను చెప్పవలెను. రాత్రివేళ లేతరంగు బట్ట, చేతిలో దీపము ప్రాణము కాపాడును.

రోడ్డు ఊరిలోనికి వచ్చినది గాని, ఊరు రోడ్డు మీదికి పోలేదు. వేగముగా వచ్చువానికి బాధ్యత హెచ్చు. నడచువానికి జాగ్రత్త అవసరము. ఈ రెండింటికిని నడుమ దాటుటకు తగిన చోటు చూపుట పెద్దల విధి. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడని సభ్యులను కోరుచున్నాము.