మర్రి ఆకుల పరీక్ష: చిన్న క్లిప్పులకి ఏ కోడెక్ వాడాలి?

ఫోన్‌లో స్టోరేజ్ ఫుల్ అని మెసేజ్ రాగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. ఏదో ఒక వీడియో కంప్రెసర్ యాప్ వేసుకోవడం, "స్మాల్ సైజ్" బటన్ నొక్కడం, ఒరిజినల్స్ డిలీట్ కొట్టడం. నేనూ అదే చేశా. బీటెక్ చదివి, రోజూ కోడ్ రాసుకుంటూ బతికేవాడిని, నేనే ఆ పని చేశా! అందుకే ఈ ఆర్టికల్.

మాది చేవెళ్ల. బీటెక్ మొయినాబాద్ దగ్గర. నాలుగేళ్లు బీజాపూర్ రోడ్డు మీద బస్సులో తిరిగాను. ఆ రోడ్డు చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారిలో రెండు పక్కలా దాదాపు 900 మర్రి చెట్లు. రోడ్డు వెడల్పు చేసే ప్లాన్ వచ్చాక ఈ చెట్ల సంగతి జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. ఆ గొడవ నడుస్తున్న రోజుల్లోనే ఒక ఆదివారం ఫ్రెండ్ బండి వెనకాల కూర్చుని, మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా పెద్ద చెట్టు కనబడ్డ ప్రతిచోటా ఆగి, అర నిమిషం చొప్పున క్లిప్పులు తీశా. నలభై దాకా వచ్చాయి. అన్నీ 4కె. రాత్రికి ఫోన్ ఫుల్. యాప్, స్మాల్ సైజ్, డిలీట్.

కొన్ని నెలల తర్వాత గాలివానకి వాటిలో ఒక చెట్టుకి పెద్ద కొమ్మ విరిగిపడింది. మా తాత చిన్నప్పుడు బండి మీద కూరగాయలు పట్నం తోలుకుపోయేటప్పుడు ఎడ్లను ఆ కొమ్మ కిందే ఇడిచేవాడట. "నువ్వు వీడియో తీసినవ్ గద, జర సూపియ్‌రా" అన్నాడు. టీవీకి పెట్టా. ఆకులు ఉండాల్సిన చోట పచ్చటి ముద్ద. మాను మీద గోధుమరంగు గడులు. ఊడలు లెక్కపెట్టడం సంగతి పక్కన పెట్టండి, అక్కడ ఊడలున్నాయనే తెలియట్లేదు. "ఇదేందిరా, అలికినట్టున్నది" అన్నాడు తాత. నా దగ్గర జవాబు లేదు.

విచిత్రం ఏంటంటే, అదే యాప్‌లో, అదే సెట్టింగ్‌తో కుదించిన ఇంకో వీడియో శుభ్రంగా ఉంది. మా అమ్మ వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని మాట్లాడుతున్న క్లిప్ అది. చీర అంచు కూడా స్పష్టంగా కనబడుతోంది. ఒకే కోడెక్, ఒకే బిట్‌రేట్. మరి తేడా ఎక్కడ?

కొంచెం లెక్క చూద్దాం. 1080పీ వీడియోలో ఒక ఫ్రేమ్ అంటే 1920 × 1080 పిక్సెల్స్. మామూలు 8 బిట్ వీడియోలో ఒక్కో పిక్సెల్‌కి సగటున ఒకటిన్నర బైట్ పడుతుంది, అంటే ఫ్రేమ్‌కి సుమారు 3.1 ఎంబీ. సెకనుకి 30 ఫ్రేములు, మొత్తం 30 సెకన్లు వేసుకోండి. కుదించకుండా దాచాలంటే ఒక్క క్లిప్‌కే దాదాపు 2.8 జీబీ కావాలి. ఫోన్ దాన్ని 17 ఎంబీపీఎస్‌తో రికార్డ్ చేస్తే 64 ఎంబీ అవుతుంది. అంటే మనం కంప్రెసర్ యాప్ ముట్టుకోకముందే డేటాలో నలభై మూడు వంతులు పోయి ఒక వంతు మిగిలింది.

అంత ఎలా తగ్గింది? కోడెక్ ప్రతి ఫ్రేమ్‌నీ పూర్తి ఫొటోలా దాచుకోదు. ఎప్పుడో ఒకసారి పూర్తి ఫొటో, దాన్ని ఐ-ఫ్రేమ్ అంటారు. మధ్యలో వచ్చే పీ, బీ ఫ్రేముల్లో "ఈ గడి పోయిన ఫ్రేమ్‌లో అక్కడుంది, ఇప్పుడు ఇటు నాలుగు పిక్సెల్స్ జరిగింది" లాంటి సమాచారం, ఆ అంచనాకీ అసలు బొమ్మకీ ఉన్న తేడా మాత్రమే ఉంటాయి. అమ్మ వెనక గోడ కదలదు. ఒకసారి రాసుకుంటే చాలు. ఇక మిగిలిన బిట్లన్నీ ముఖానికీ చేతులకీ ఖర్చుపెట్టొచ్చు.

మర్రి చెట్టు దగ్గర ఈ తెలివి పనిచేయదు. గాలికి ఒక్కో ఆకు ఒక్కో వైపు ఊగుతుంది, తిరగబడుతుంది, పక్క ఆకు వెనక్కి పోతుంది. సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతూ మారుతూ ఉంటుంది. కొమ్మ కింద నీడ కాబట్టి సెన్సర్ నాయిస్ ఎక్కువ, ఆ నాయిస్ ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒకేలా ఉండదు. దానికి తోడు నా చేతి వణుకు. పోయిన ఫ్రేమ్ చూసి ఇప్పటి ఫ్రేమ్ ఊహించడం దాదాపు అసాధ్యం. బిట్లేమో తక్కువిచ్చాం. అప్పుడు కోడెక్ ఏం చేస్తుంది? సన్నటి వివరాలన్నీ వదిలేసి గడికి ఒక రంగు పూసినట్టు చేస్తుంది. ముందు పోయేది చీకటి భాగాల్లోని సన్న గీతలు. అంటే సరిగ్గా మాను, ఊడలు.

కాబట్టి కోడెక్ పేరు కంటే ముందు చూడాల్సింది ఫ్రేమ్‌లో ఏముంది అన్నది. ఆకులు, నీళ్లు, వాన, పొగ, జాతరలో జనం... ఇవన్నీ బిట్లు తినే సీన్లు. చిలుకూరు గుడిలో ప్రదక్షిణలు చేసే జనాన్ని తీసినా ఇదే కథ. ఇలాంటి వాటికి "ఎంత ఎంబీ కావాలి" అని అడిగే యాప్ వాడకూడదు. సైజు ఫిక్స్ చేస్తే క్వాలిటీ ఎటైనా పోవచ్చు. క్వాలిటీ ఫిక్స్ చేసి, సైజు ఎంత వస్తే అంత రానివ్వాలి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది "కాన్‌స్టంట్ క్వాలిటీ" పేరుతో ఉంటుంది, పక్కనే ఆర్ఎఫ్ అనే స్లైడర్. నంబర్ తగ్గితే క్వాలిటీ పెరుగుతుంది, చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు కోడెక్‌ల సంగతి. ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. ఎంపీ4 కోడెక్ కాదు. అది టిఫిన్ డబ్బా. లోపల పులిహోర ఉందో పెరుగన్నం ఉందో డబ్బా చూసి చెప్పలేం. రెండు ఫైళ్లూ ఎంపీ4 అయ్యుండి, ఒకటి ప్లే అయి ఇంకోటి అవ్వకపోవడానికి కారణం ఇదే.

హెచ్.264 వచ్చింది 2003లో. వయసు అయిపోయిందని తీసిపారేయొద్దు, ఇది ప్లే కాని ఫోన్, టీవీ, బ్రౌజర్ ఇవాళ దొరకడం కష్టం. హెచ్.265, అంటే హెచ్ఈవీసీ, 2013లో వచ్చింది. పాతదాంట్లో గడి గరిష్ఠంగా 16 × 16 పిక్సెల్స్ అయితే ఇందులో 64 × 64 దాకా పోతుంది. ఖాళీ ఆకాశం, గోడ లాంటివి ఒక్క పెద్ద గడిలో తేలిపోతాయి. ఐఫోన్లు 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి "హై ఎఫిషియెన్సీ" పేరుతో రికార్డ్ చేసేది దీంట్లోనే. దీని తలనొప్పి పేటెంట్లు. రాయల్టీ అడిగే గుంపులు ఒకటి కాదు, అందుకే చాలా బ్రౌజర్లు దీన్ని ఏళ్లపాటు దూరం పెట్టాయి. ఆ తలనొప్పి వద్దనుకున్న గూగుల్, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ లాంటి కంపెనీలు 2015లో కూటమి కట్టి, 2018లో ఏవీ1 తెచ్చాయి. దీనికి రాయల్టీ లేదు, మూడింటిలో బాగా కుదించేదీ ఇదే. కానీ ఎన్‌కోడ్ చేయడానికి టైమ్ పడుతుంది, చూసేవాళ్ల ఫోన్‌లో హార్డ్‌వేర్ డీకోడర్ లేకపోతే బ్యాటరీ తాగేస్తుంది. ఐఫోన్లలో ఆ డీకోడర్ 15 ప్రో నుంచే ఉంది. ఆండ్రాయిడ్‌లో చిప్‌ని బట్టి మారుతుంది.

ఇదంతా నాకు తాత ఫోన్ దగ్గర అర్థమైంది. మిగిలిన చెట్లని మళ్లీ తీశాక, ఉత్సాహంగా ఏవీ1లో కుదించి ఆయన పాత ఫోన్‌కి పంపా. శబ్దం వస్తోంది, బొమ్మ రాలేదు. "లారీ హారన్లు ఇనబడుతున్నయ్ గని చెట్టేది?" అని అడిగాడు. అదే క్లిప్ హెచ్.264లో 720పీకి తగ్గించి పంపితే హాయిగా ఆడింది.

ప్రస్తుతం నేను చేసేది ఇది. ఎవరికైనా పంపే కాపీకి హెచ్.264. నా ల్యాప్‌టాప్‌లో దాచుకునే కాపీకి హెచ్.265. ఏవీ1 నా సొంత ప్రయోగాలకి మాత్రమే. హ్యాండ్‌బ్రేక్‌లో 1080పీ హెచ్.264కి ఆర్ఎఫ్ 20 నుంచి 24 మధ్య పెట్టమని వాళ్ల గైడే చెబుతుంది. అమ్మ క్లిప్‌కి 23 చాలు, మర్రి ఆకులకి 20 పెడుతున్నా. ఒక కోడెక్ ఆర్ఎఫ్ నంబర్ ఇంకో కోడెక్‌కి వర్తించదు, ఇది గుర్తుపెట్టుకోండి. ప్రీసెట్ "స్లో". రాత్రి పడుకునేముందు పెట్టేస్తే పొద్దున్నకి అయిపోతుంది. ఫోన్ యాప్‌లు చాలావరకు వాడేది చిప్‌లోని హార్డ్‌వేర్ ఎన్‌కోడర్. అది స్పీడే, కానీ అదే సైజులో నిదానంగా చేసే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్ ఇచ్చే వివరం ఇవ్వదు. ఫ్రేమ్ రేట్ "సేమ్ యాజ్ సోర్స్". ఆడియో ఏఏసీ 128. లింక్‌గా పెట్టే వీడియో అయితే "వెబ్ ఆప్టిమైజ్డ్" టిక్ చేయండి, అప్పుడు ఫైల్ మొత్తం దిగకముందే ప్లే మొదలవుతుంది.

సైజు కచ్చితంగా ఇంతలోపే రావాలి అన్నప్పుడు లెక్క సింపుల్. ఎంబీని 8తో గుణించి, సెకన్లతో భాగించండి. 16 ఎంబీ, 30 సెకన్లు అంటే సుమారు 4.2 ఎంబీపీఎస్. దాంట్లో 4కె ఆకులు ఇరికించాలని చూడొద్దు, 1080పీకో 720పీకో తగ్గించండి. పెద్ద బొమ్మ ముద్దగా ఉండటం కంటే చిన్న బొమ్మ స్పష్టంగా ఉండటం నయం.

రిజల్ట్ చెక్ చేసేటప్పుడు మొదటి ఫ్రేమ్ చూసి మురిసిపోవద్దు, అది ఐ-ఫ్రేమ్ కాబట్టి ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. క్లిప్ మధ్యలో ఆపి, నీడగా ఉన్నచోట జూమ్ చేయండి. నలభై క్లిప్పులూ ఒకేసారి క్యూలో పెట్టకుండా, అన్నిటికంటే కష్టమైనదాన్ని ఐదు సెకన్లు ప్రివ్యూ తీసి చూసుకోండి.

వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి పంపితే అది మళ్లీ కుదిస్తుంది. దాన్ని ఇంకొకరు ఎడిట్ చేసి ఇన్‌స్టాలో పెడితే మూడోసారి. సెమిస్టర్ ముందురోజు జెరాక్స్‌కి జెరాక్స్ తీసిన నోట్స్ గుర్తున్నాయా, సిగ్మా ఏదో ఎప్సిలాన్ ఏదో తెలిసేది కాదు. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ దాకా ఫైల్ ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

విరిగిన కొమ్మ ఉన్న ఆ పాత క్లిప్‌ని ఒక ఏఐ అప్‌స్కేలర్‌లో కూడా పెట్టి చూశా. ఆకులు మెరిసిపోతూ వచ్చాయి. తాతకి చూపిస్తే కాసేపు చూసి, "గివి మర్రాకులు కావురా" అన్నాడు. పోయిన డేటా అది ఎక్కణ్నుంచి తెస్తుంది, తనకి తెలిసిన ఆకులేవో అతికించింది. ఆ ఫైల్ తీసేశా. పచ్చటి ముద్ద ఉన్నదాన్నే హార్డ్ డిస్క్‌లో, కొత్తగా తీసిన చెట్ల 4కె ఒరిజినల్స్ పక్కన పెట్టుకున్నా.