పడుతూనే తిరిగే చంద్రుడు

చెట్టు నుండి రాలిన పండు నేలను చేరుతుంది. మరి ఆకాశంలో ఏ ఆధారమూ లేని చంద్రుడు భూమిపై ఎందుకు పడడు? ఈ సందేహాన్ని తీర్చడానికి సర్ ఐజాక్ న్యూటన్ ఒక చక్కని ఊహ చేశాడు.

ఎత్తయిన పర్వత శిఖరం నుండి ఫిరంగి గుండును అడ్డంగా పేల్చామనుకుందాం. వేగం పెరిగినకొద్దీ గుండు మరింత దూరాన పడుతుంది. భూమి గుండ్రనిది కనుక, దాని ఉపరితలం 8 కిలోమీటర్ల దూరంలో సుమారు 5 మీటర్లు కిందికి వంగుతుంది. గురుత్వాకర్షణ వలన వస్తువు మొదటి సెకనులో కిందికి పడేదీ దాదాపు 5 మీటర్లే. కాబట్టి గాలి నిరోధం లేకపోతే, సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో సాగే గుండు ఎంత పడుతున్నా నేలను తాకదు; భూమి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఆ మార్గమే కక్ష్య. చంద్రుడు కూడా ఇలాగే నిరంతరం భూమి వైపు పడుతూనే దాని చుట్టూ తిరుగుతున్నాడు.

కక్ష్యలో నిలవాలంటే తగిన వేగం ఉండాలి. 2023 జూలై 14న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 5న చంద్రుని సమీపించింది. ఆ సమయంలో వేగం తగ్గించకపోతే అది చంద్రుని దాటి వెళ్లిపోయేది. శాస్త్రజ్ఞుల ప్రణాళిక ప్రకారం నౌకలోని ఇంజను గమనానికి ఎదురుగా మండి వేగాన్ని తగ్గించింది. చంద్రుని ఆకర్షణ నౌకను పట్టి నిలిపింది. ఆగస్టు 23న దాని ల్యాండర్ చంద్రుని దక్షిణ ధ్రువ సమీపాన క్షేమంగా దిగింది.

పండును నేల రాల్చే శక్తీ, చంద్రుని కక్ష్యలో నిలిపే శక్తీ ఒక్కటే.