ప్రత్యుత్తర ధర్మము

పోస్టాఫీసు కిటికీ యొద్ద పొదుపు సొమ్ము కట్టవచ్చిన వానిని చూడుడు. గుమాస్తా పాసుపుస్తకమును అందుకొనువరకు అతడు వరుసలో నిలుచును. అందుకొనిన పిమ్మటను, అది తిరిగి చేతికి వచ్చువరకు కదలడు. గుమాస్తా మరచెనేని అతని దినమంతయు అచ్చటనే గడచును. కంప్యూటరునందును ఇట్టి కిటికీలు కలవు.

కెనడా దేశపు వాటర్లూ విశ్వవిద్యాలయమున 1980వ సంవత్సరమున విద్యార్థులైన గోర్డన్ బెల్, డాన్ డాడ్జి అనువారు తరువాత క్యూఎన్ఎక్స్ అను ఆపరేటింగు సిస్టమును నిర్మించిరి. దీని తొలి రూపము 1982లో వెలువడెను. ఇందు కెర్నెలు మిక్కిలి చిన్నది. డిస్కు మొదలగు పరికరములను రిసోర్సు మేనేజర్లను వేరు ప్రోగ్రాములు కనిపెట్టుకొనియుండును. వీనిని సామాన్యముగా సీ భాషలో వ్రాయుదురు.

ఒక ప్రోగ్రాము ఫైలును చదువగోరినపుడు ఆ కోరిక సందేశమై మేనేజరును చేరును. జవాబు వచ్చువరకు కోరినవాడు ఆగియుండును. మేనేజరు సందేశపు రకమును చూచి, దానికి నియమించిన ఫంక్షనును పిలుచును.

ఒక ఉదాహరణము: మేనేజరు యొద్ద 10 అక్షరములు కలవు, వచ్చినవాడు 100 అడిగెను. మిగిలినది, అడిగినది అను రెంటిలో చిన్నదానిని, అనగా 10 అక్షరములను, ఇచ్చి, ఎంతవరకు ఇచ్చినదియు గుర్తుంచుకొనవలెను. మరల అడిగినచో 0 అని చెప్పవలెను. ‘అయిపోయినది’ అని దాని యర్థము. గుర్తును జరుపనిచో ఆ పదియే మరల మరల పోవుచుండును. చదువరి ఎన్నటికిని ఆగడు.

సరకు సిద్ధముగా లేనిచో? మేనేజరు కోరినవాని గుర్తు సంఖ్యను దాచుకొని, ‘ఇప్పుడు జవాబు లేదు’ అని లైబ్రరీకి తెలిపి, ఇతరుల పని చూడవచ్చును. సరకు వచ్చినపుడు ఆ సంఖ్యకు జవాబీయవలెను. సంఖ్య పోయెనా, వచ్చినవాడు కిటికీ యొద్దనే నిలిచిపోవును. గడువు మీరి అతడు వెడలగోరినను, ఆ సంగతి మేనేజరునకే తెలుపబడును. అప్పుడును జవాబిచ్చి పంపవలసినది మేనేజరే.

కావున విద్యార్థులారా, మీరు వ్రాసిన ఫంక్షనులోని ప్రతి మార్గమును వ్రేలితో వెంబడింపుడు. పని జరిగినను, తప్పిదము కలిగినను, ప్రతి సందేశమునకును తుదకొక జవాబు చేరుచున్నదా యని పరీక్షింపుడు. ‘లేదు’ అనుటయు ప్రత్యుత్తరమే. మౌనము మాత్రము కాదు.