రూపం మీదనే రంగు: సాఫ్ట్‌వేర్ ఎంపికలో విద్యార్థికి కొన్ని సూచనలు

జనగామకు పొరుగున ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు రెండు రకాల పని చేస్తారు. ఒకటి పటం. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి ఆరబెట్టి, చదునైన ఆ గుడ్డ మీద కథను వరుసగా బొమ్మలు గీస్తారు. రెండవది మాస్కు. రంపపు పొట్టును చింతగింజల ముద్దతో కలిపి ముఖంగా మలచి, ఎండిన తరువాత ఆ ఎత్తుపల్లాల మీదనే రంగు వేస్తారు. పటం మీది కన్ను గీసిన చోట గీసినట్టే ఉంటుంది. మాస్కు మీది కన్నును మాత్రం ముక్కు ఎత్తు, చెంప వంపు చూసుకొని గీయాలి.

కంప్యూటరులో తయారైన 3డి మోడల్‌కు రంగు వేయడంలోనూ ఈ రెండు దారులే ఉన్నాయి. మన కళాశాలల నుంచి యానిమేషన్, ఆటల తయారీ, సినిమా గ్రాఫిక్స్ వైపు చూసే విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "మోడల్ మీద నేరుగా రంగు వేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" తొందరపడి జవాబు చెబితే నష్టపోయేది అడిగినవాడే. ఎందుకంటే అందులో తల్లిదండ్రులు కట్టే ఫీజు ఉంది, తిరిగిరాని ఏడాదో రెండేళ్లో కాలమూ ఉంది. కాబట్టి ఈ విషయాన్ని కాస్త నెమ్మదిగా విచారిద్దాం.

రంగు ఎక్కడికి పోతుంది?

మోడల్‌పై ఒక చిత్రాన్ని అతికించే పద్ధతిని 1974లో ఎడ్విన్ కాట్మల్ యూటా విశ్వవిద్యాలయంలో తన పరిశోధనా గ్రంథంలో చూపించాడు. అలా అతికించే చిత్రాన్నే టెక్స్చర్ అంటాము. బత్తాయి తొక్కను ఒలిచి బల్ల మీద పరచినట్టు, మోడల్ ఉపరితలాన్ని కోసి చదునుగా పరుస్తారు. దీనికే యూవీ విప్పడం అని పేరు. మొదట్లో చిత్రకారులు ఆ పరచిన తొక్క మీదనే రంగు వేసి, మళ్లీ మోడల్‌కు చుట్టి చూసుకునేవారు. తొక్క మీద ముక్కు ఎక్కడ, చెవి ఎక్కడ అని వెతుక్కోవడమే పెద్ద పని అయ్యేది. 1990లో పాట్ హాన్రహాన్, పాల్ హేబర్లీ కలిసి రూపం మీదనే కుంచె ఆడించే పద్ధతిని ఒక పరిశోధనా పత్రంలో వివరించారు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో చాలా మటుకు ఆ ఆలోచనకు వారసులే.

అయితే ఒక సంగతి మరువరాదు. చేయి రూపం మీద ఆడుతున్నా, రంగు పోయి చేరేది సాధారణంగా ఆ పరచిన తొక్కలోనే. యూవీ సరిగ్గా విప్పకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లోనైనా గీత సాగిపోతుంది, అతుకుల దగ్గర తెగిపోతుంది. జీబ్రష్‌లోని పాలీపెయింట్ దీనికి మినహాయింపు. అది రంగును మోడల్ బిందువులలోనే దాచుకుంటుంది, యూవీ అక్కరలేదు. కానీ బిందువులు లక్షల్లో ఉంటేనే గీత స్పష్టంగా వస్తుంది. చివరకు దాన్ని ఆటలోకో సినిమాలోకో పంపాలంటే మళ్లీ టెక్స్చర్‌గా మార్చుకోక తప్పదు.

ముందు పని, తరువాత పరికరం

"ఏ సాఫ్ట్‌వేర్?" అన్న ప్రశ్నకు "ఏ వస్తువు?" అన్నదే సరైన ఎదురు ప్రశ్న. మన మూడు జిల్లాల నుంచే మూడు ఉదాహరణలు తీసుకుందాం.

మొదటిది జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి రేకు పని. రేకును వెనుక నుంచి కొట్టి బొమ్మను ఉబ్బెత్తుగా తేల్చే ఆ పనిలో లోతుల్లో నలుపు నిలుస్తుంది, అంచులు రాపిడికి మెరుస్తాయి. ఇక్కడ పసుపు రంగు పూస్తే ఇత్తడి కాదు, పసుపు ప్లాస్టిక్ అవుతుంది. రంగు పటంతో పాటు, లోహమా కాదా అని చెప్పే పటం ఒకటి, నునుపెంత గరుకెంత అని చెప్పే పటం ఒకటి కావాలి. లోతులు, అంచులు ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేర్ ముందే లెక్కగట్టి పటంగా రాసి పెట్టడాన్ని బేకింగ్ అంటారు. ఆ లెక్కను ఆధారం చేసుకొని మురికిని లోతుల్లోకి, మెరుపును అంచుల మీదికి ఒక్కసారిగా పంపవచ్చు. ఈ పనికి సబ్‌స్టన్స్ పెయింటర్ పెట్టింది పేరు. అల్లెగోరిథ్మిక్ సంస్థ 2014లో తెచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ 2019లో అడోబీ చేతికి వచ్చింది.

రెండవది మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లోని కెథీడ్రల్. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఈ చర్చిలో గుమ్మటాలు, స్తంభాలు మన దేశపు కట్టడాల పోకడలతో కలిసి ఉంటాయి. ఇక్కడ సమస్య పరిమాణం. ఒక చిన్న ఇత్తడి పలక 40 సెంటీమీటర్లు ఉందనుకోండి. దానికి 4096 చుక్కల వెడల్పు గల పటం వేస్తే సెంటీమీటరుకు 102 చుక్కలు వస్తాయి. అదే పటాన్ని 10 మీటర్ల గోడకు వేస్తే సెంటీమీటరుకు 4 చుక్కలే మిగులుతాయి. దగ్గరికి పోతే గోడంతా మసక. అందుకే పెద్ద వస్తువుకు ఒకటి కాదు, అనేక పటాలను పలకల్లా పేర్చుతారు. దీన్ని యూడిమ్ పద్ధతి అంటారు. ఇలాంటి బరువు మోయడానికే మారి సాఫ్ట్‌వేర్ పుట్టింది. వేటా డిజిటల్ స్టూడియోలో తయారై, 2009 నాటి అవతార్ సినిమాకు ఉపయోగపడి, 2010లో ఫౌండ్రీ సంస్థ ద్వారా అమ్మకానికి వచ్చింది. కానీ చిన్న పలకకు రంగు వేయడానికి మారి కొనడమంటే గంప మట్టికి లారీ మాట్లాడినట్టే.

మూడవది భూపాలపల్లి జిల్లా ఘనపురం కోటగుళ్లు. కాకతీయుల కాలపు ఈ గుడుల సముదాయం చాలా చోట్ల శిథిలమైంది. ఇలాంటి రాతి పనిని అన్ని వైపుల నుంచి ఫోటోలు తీసి మోడల్‌గా కట్టవచ్చు. అప్పుడు రంగు ఫోటోల నుంచే వస్తుంది, దానితో పాటు ఆనాటి ఎండనీడలు కూడా వచ్చి అంటుకుంటాయి. కెమెరా చేరని మూలలు ఖాళీగా మిగులుతాయి. ఆ నీడలను తీయడానికి, ఖాళీలను పూడ్చడానికి కుంచె కావాలి. ప్రమాదమూ ఇక్కడే ఉంది. విరిగిన శిల్పానికి మనం ఊహించి వేసిన రంగును చూసేవారు అసలు రాయి అనుకుంటారు. కనుక ఫోటో నుంచి వచ్చిన పొరను ముట్టుకోకుండా, మన చేతి పని అంతా వేరే పొర మీద ఉంచి, ఆ సంగతి రాసి పెట్టాలి. ఇటువంటి పనికి పొరలు విడివిడిగా దాచే సౌకర్యం తప్పనిసరి. అందం చేయడం వేరు, ఉన్నది ఉన్నట్టు అప్పగించడం వేరు.

యంత్రం మోయగలదా?

4096 చుక్కల చదరపు పటంలో 1,67,77,216 చుక్కలుంటాయి. చుక్కకు 4 బైట్ల లెక్కన మెమరీలో 64 మెగాబైట్లు. రంగు, లోహం, గరుకు, ఎత్తుపల్లం అని నాలుగు పటాలైతే 256. పది పలకలైతే 2,560 మెగాబైట్లు, అంటే రెండున్నర గిగాబైట్లు. ఇది ఒక్క పొర లెక్క మాత్రమే. పొర మీద పొర వేస్తూ పోతే మామూలు ల్యాప్‌టాప్ చతికిలబడుతుంది. అదే 2048 చుక్కలతో సరిపెట్టుకుంటే భారం నాలుగో వంతుకు దిగుతుంది. సాఫ్ట్‌వేర్ పేరు చూసేముందు మన గ్రాఫిక్స్ కార్డు మెమరీ ఎంతో చూసుకోవడం మంచిది.

కొనుగోలా, కిరాయా?

బ్లెండర్ 2002 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. పైసా అక్కరలేదు. మోడల్ చేయడం, యూవీ విప్పడం, బేకింగ్, మోడల్ మీద రంగు వేయడం అన్నీ అందులోనే ఉన్నాయి. లోపం లేదని కాదు. రంగు పొరలను నోడ్లతో మనమే కూర్చుకోవాలి, అది సబ్‌స్టన్స్‌లో ఉన్నంత సులువు కాదు. ఉక్రెయిన్ వారి 3డి కోట్‌ను ఒకసారి డబ్బు కట్టి శాశ్వతంగా కొనుక్కోవచ్చు. ఆర్మర్‌పెయింట్ మూలసంకేతం అందరికీ తెరిచి ఉంటుంది. కిరాయికి వచ్చే సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం కిరాయి ఆపిన నాడు మన ఫైళ్ల గతి ఏమిటని ముందే అడగాలి. విద్యార్థుల రాయితీ ఉంటే దాని షరతులు, చదువు ముగిశాక కట్టవలసిన ధర రెండూ చదవాలి.

ఒక అనుభవం చూడండి. 2008లో వచ్చిన ఫోటోషాప్ సీఎస్4 ఎక్స్‌టెండెడ్‌లో మోడల్ మీద నేరుగా రంగు వేసే సౌకర్యం ఇచ్చారు. 2021లో అడోబీ ఆ 3డి సౌకర్యాలను తొలగిస్తున్నట్లు ప్రకటించింది. మెనూలో ఏ బొత్తాం ఎక్కడుందో మాత్రమే నేర్చినవారి చదువు ఆ బొత్తాలతోనే పోయింది. యూవీ, పొర, లోహం, గరుకు అన్న సూత్రాలు నేర్చినవారు ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి నడిచిపోయారు. అందుకే పూర్తయిన పటాలను పీఎన్‌జీ, టిఫ్ వంటి అందరూ తెరవగల రూపాల్లో కూడా దాచుకోవాలి.

ఏం చేయాలి?

నా సూచన ఇది. మొదటి ఆరు నెలలు బ్లెండర్‌తో గడపండి. మీ ఊరి వస్తువు ఒకటి తీసుకోండి: ఇత్తడి చెంబో, రాతి తిరగలో, చేర్యాల మాస్కో. మోడల్ చేసి, యూవీ విప్పి, గళ్ల బట్ట లాంటి పరీక్షా పటం చుట్టి చూడండి. గళ్లు సాగకుండా, అన్నీ ఒకే కొలతలో ఉంటేనే రంగు మొదలుపెట్టండి. అప్పుడు కొనదలచిన సాఫ్ట్‌వేర్ పరీక్షా ప్రతిని తెచ్చి, అదే వస్తువుకు అందులోనూ రంగు వేయండి. మీ యంత్రం మీద నడిచిందా? పని తొందరగా తెమిలిందా? పటాలు బయటికి సక్రమంగా వచ్చాయా? మూడింటికీ అవును అంటేనే డబ్బు తీయండి. ఉద్యోగం ఇచ్చే స్టూడియో ఏది వాడుతుందో తెలిసిన రోజున దాన్ని పట్టుకోవడానికి మీకు ఎక్కువ కాలం పట్టదు.

నకాషీ చిత్రకారుడు ముందు ముఖాన్ని చక్కగా మలచి, పూర్తిగా ఎండనిస్తాడు. కుంచె పట్టేది ఆ తరువాతనే. పచ్చి ముఖం మీద పూసిన రంగు నిలవదు. మిత్రులారా, మన చదువుకైనా అంతే గదా!