కంపైల్ సరే, లింక్ కావట్లేదు!

ప్రశ్న: ఉబుంటులో సి ప్రోగ్రాంకి జెడ్‌లిబ్ వాడుతున్నాను. హెడర్ ఫైల్ దొరుకుతోంది, కానీ చివర్లో ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని ఆగిపోతోంది. ఏం చేయాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ కోడ్ బాగానే ఉన్నట్టుంది. హెడర్ ఫైల్‌లో ఉండేది ఫంక్షన్ పేరూ, దాని తీరూ మాత్రమే. కంపైలర్‌కి అది చాలు. అసలు కోడ్‌ని వెతికి అతికించేది లింకర్. దానికి లైబ్రరీ పేరు మీరే చెప్పాలి.

జీసీసీ కమాండ్‌లో, మీ ఫైళ్ల పేర్ల తర్వాత ‘-ఎల్‌జెడ్’ (చిన్న అక్షరాల్లో) చేర్చండి. ముందు పెడితే పని జరగకపోవచ్చు. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతూ, అప్పటికి ఎవరూ అడగని లైబ్రరీని వదిలేసి పోతుంది. లైబ్రరీ వేరే ఫోల్డర్‌లో ఉంటే పెద్ద ‘ఎల్’తో ఆ దారి చూపండి. పెద్ద ‘ఐ’ హెడర్లకే. చాలామంది తడబడేది ఇక్కడే.

అయినా అదే ఎర్రర్ వస్తే పూర్తి కమాండ్, మొత్తం ఎర్రర్ ప్రింట్ తీసుకుని మీ ల్యాబ్ సార్‌కి చూపించండి.