నడి సముద్రంలో చిన్న పడవ

అడవిలో దారి తప్పితే వాగు పట్టుకుని దిగువకు నడుస్తాం, ఏదో ఒక ఊరు తగులుతుంది. మరి నడి సముద్రంలో? ఏ పక్క చూసినా నీళ్ళే. యాట్ అనే తెరచాప పడవలో ఒక్కోసారి ఒక్క మనిషే నెలల తరబడి పోతాడు. తానెక్కడున్నాడో అతను తెలుసుకోవాలి, ఆ సంగతి ఇతరులకు తెలపాలి. ఈ రెండూ ఒకటే పని అని నేను అనుకునేవాణ్ణి. కాదు.

చోటు తెలుసుకొనుటకు పాత సాధనం సెక్స్‌టెంట్. ఇది సముద్రపు అంచు నుండి సూర్యుడు గాని, నక్షత్రం గాని ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉన్నదో కొలుస్తుంది. ధ్రువనక్షత్రం ఎత్తు ఎంతో మన అక్షాంశం దాదాపు అంతే. నేను కోణమానినికి దారంతో రాయి కట్టి చూశాను. 20 వచ్చింది. అట్లాసులో మన ఊరు 18 డిగ్రీలు. రెండు డిగ్రీలే కదా అని నవ్వకండి! ఒక డిగ్రీ అంటే 60 నాటికల్ మైళ్ళు, అనగా 111 కిలోమీటర్లు. నన్ను నమ్మిన పడవ 222 కిలోమీటర్లు తప్పిపోతుంది.

ఇప్పుడు జి.పి.యస్. ఉంది. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకుని, అవి చేరిన సమయాన్ని బట్టి చోటు లెక్కకడుతుంది. కాని అది వింటుందే గాని మాట్లాడదు. మాట్లాడేది వి.హెచ్.ఎఫ్. రేడియో. ఆపద వస్తే 16వ ఛానల్‌లో పిలవాలి. అయితే అది కనుచూపు మేర దాటి పెద్దగా పోదు. దూరానికి ఉపగ్రహ ఫోను కావాలి. అన్నీ చెడినప్పుడు ఎపర్బ్ అనే పెట్టె. మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద సుమారు 50 సెకన్లకొకసారి ఉపగ్రహాలకు కేక వేస్తుంది. పడవ ఎవరిదో కూడా దాంట్లోనే తెలుస్తుంది.

మన నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ గారు 2018లో ఒంటరిగా భూమి చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో పాల్గొన్నారు. దారి చూసుకొనుటకు జి.పి.యస్. వాడరాదు, సెక్స్‌టెంటే వాడాలి. తమాషా ఏమంటే, పడవలోని మరో యంత్రం అతని చోటును ఒడ్డుకు పంపేది గాని అతనికి చూపేది కాదు! సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను పడవను తిరగేసింది. తెరచాప స్తంభం విరిగింది. వెన్ను దెబ్బతిని ఆయన లేవలేకపోయారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ అక్కడికి సుమారు 1,900 నాటికల్ మైళ్ళు. ఉపగ్రహం ద్వారా పొట్టి సందేశాలు పంపారు, ఎపర్బ్ మోగించారు. మారిషస్ నుండి ఎగిరిన మన నౌకాదళ విమానం పడవను కనిపెట్టింది. 24న ఒసిరిస్ అనే ఫ్రెంచి ఓడ వచ్చి ఆయన్ను ఎక్కించుకుంది.

వెన్ను బాగుపడ్డాక అదే పందెం మళ్ళీ వెళ్ళి 2023లో రెండవ స్థానంలో ముగించారు.

కోణమానిని నా ట్రంకుపెట్టెలోనే ఉంది. మబ్బు లేని రాత్రి ఎవరైనా వస్తే మళ్ళీ కొలుద్దాం, 18 రావాలి.